కడుపుకూ ఓ గడియారం

మెదక్‌ పట్టణంలో దుకాణాల షట్టర్లు దిగే వేళకు కొన్ని ఇళ్లలో టిఫిన్‌ డబ్బాలు సర్దుతుంటారు. ప్రభుత్వాసుపత్రి నర్సమ్మ, ఆర్టీసీ డ్రైవరు, తూప్రాన్‌, మనోహరాబాద్‌ ఫ్యాక్టరీలకు వెళ్లే యువకులు... అందరిదీ నైట్‌ డ్యూటీయే. డబ్బాలో అన్నం, పప్పు, ఓ కూర. అర్ధరాత్రి దాటాక మూత తీస్తారు. పైన రెండు మూడు టీలు. పగలు ఎలాగూ పడుకుంటాం కదా, నష్టమేముందిలే అనుకుంటారు.

పగటి నిద్రతో అంతా సర్దుకోదు. మెదడులో, రెండు కంటి నరాలు కలుసుకునే చోటికి కాస్త పైన, చిన్న కణాల గుంపు ఒకటుంది. వెలుగును బట్టి రాత్రీ పగలూ లెక్కగట్టేది అదే. కాలేయానికీ, క్లోమానికీ కూడా సొంత గడియారాలున్నాయి. అవి తిండి వేళలను బట్టి నడుస్తాయి. కణాల్లో ఈ గడియారాలు ఎలా పనిచేస్తాయో కనిపెట్టినందుకే అమెరికా శాస్త్రవేత్తలు హాల్‌, రోస్‌బాష్‌, యంగ్‌లకు 2017లో నోబెల్‌ బహుమతి దక్కింది. రాత్రివేళ ఇన్సులిన్‌ పని మందగిస్తుంది. సరిగ్గా అప్పుడే కడుపు నిండా అన్నం తింటే రక్తంలో చక్కెర పగటికన్నా ఎక్కువ పెరుగుతుంది.

హార్వర్డ్‌కు అనుబంధమైన బ్రిగ్‌హామ్‌ ఆసుపత్రి పరిశోధకులు ఈ సంగతే పరీక్షించి చూశారు. ఆరోగ్యంగా ఉన్న 19 మందిని ల్యాబులో ఉంచి నైట్‌ డ్యూటీ వేళల్లో మేల్కొలిపారు. రాత్రి కూడా తిన్నవారిలో గ్లూకోజు సగటున 6.4 శాతం పెరిగింది. పగలు మాత్రమే తిన్నవారిలో అలా పెరగలేదు. ఈ ఫలితాలు 2021లో వెలువడ్డాయి. పంతొమ్మిది మందితో అన్నీ తేలిపోవు, నిజమే. అయినా షుగరు లేని ఇల్లు అరుదైపోయిన రోజుల్లో ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు.

గుండె సంగతీ చూశారు. అమెరికాలో సుమారు 1,89,000 మంది నర్సులను 24 ఏళ్లపాటు గమనించారు. మారుతుండే నైట్‌ షిఫ్టులు పదేళ్లకు పైగా చేసినవారిలో గుండెజబ్బు 15 నుంచి 18 శాతం ఎక్కువగా కనిపించిందని 2016లో ప్రకటించారు. ఇక క్యాన్సర్‌. అంతర్జాతీయ క్యాన్సర్‌ పరిశోధన సంస్థ 2007లో, మళ్లీ 2019లో నైట్‌ షిఫ్టును 'బహుశా క్యాన్సర్‌ కారకం' అనే జాబితాలో ఉంచింది. బెంబేలెత్తకండి, అదే జాబితాలో మటన్‌ కూడా ఉంది! బ్రిటన్‌లో లక్షలాది మహిళల వివరాలు పరిశీలించినవారికి రొమ్ము క్యాన్సర్‌తో సంబంధమే కనిపించలేదు.

డ్యూటీ మానలేం కాబట్టి డబ్బా మార్చుకోవచ్చు. అసలు భోజనం ఇంట్లోనే, బయల్దేరేముందు కానివ్వండి. రాత్రి ఆకలేస్తే గ్లాసు మజ్జిగ, ఉడికించిన గుడ్డు, గుప్పెడు పల్లీలు చాలు. ఆఖరి టీ రెండు గంటలలోపే తాగేయండి. లేకపోతే పొద్దున పడుకున్నా కునుకు పట్టదు. కిటికీకి ముదురు రంగు దుప్పటి కట్టినా గది చీకటవుతుంది. గ్యాస్‌ బండి వచ్చిందనో, చుట్టాలొచ్చారనో లేపకండి. మగవాళ్లు డ్యూటీ దిగొస్తే ఇంటిల్లిపాదీ గుసగుసగా మాట్లాడుకుంటారు. నర్సమ్మ దిగొస్తే మాత్రం నేరుగా స్టవ్‌ దగ్గరికే! ఆమెకూ ఆరేడు గంటల నిద్ర కావాలి, ఆ పూట వంట ఇంకెవరైనా చూసుకోవాలి.

షుగరుకు మాత్రలు, ఇన్సులిన్‌ వాడుతున్నవారు మాత్రం భోజనం వేళలు సొంతంగా మార్చకండి. చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదముంది. నైట్‌ డ్యూటీ సంగతి డాక్టరుకు చెప్పి, మందుల వేళలు కూడా రాయించుకోండి.