ఆ తల ఊపును అలవాటు అనుకోవద్దు

మూడేళ్ల పిల్ల ఆడుకుంటూ ఉంటుంది. తల మాత్రం సెకనుకు రెండు మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటుంది. అమ్మ కసిరితే కాసేపు ఆగుతుంది. నిద్రపోతే పూర్తిగా ఆగిపోతుంది. పెద్దవాళ్లు పొరబడేది ఇక్కడే. చెబితే మానుతోంది కాబట్టి అలవాటేనని తీర్మానిస్తారు. గంగిరెద్దులా ఆ ఊపుడేమిటని చుట్టాలు నవ్వుతారు, నాయనమ్మ దిష్టి తీస్తుంది. నెలలు గడిచిపోతాయి.

నిజానికి ఇలా తల ఊగడం ఒక అరుదైన జబ్బు లక్షణం కావచ్చు. ఆ జబ్బును 1966లో అమెరికా వైద్యులు బాబుల్‌హెడ్ డాల్ సిండ్రోమ్ పేరుతో వర్ణించారు. మెదడు నడుమ ఉండే మూడో జఠరికలోనో, దాని పక్కనో నీటితిత్తి పెరిగి, మెదడులో ద్రవం పారే దారిని మూసేయడం దీనికి ప్రధాన కారణం. తల ఊపినప్పుడు ఆ తిత్తి కాస్త పక్కకు జరిగి ఒత్తిడి తగ్గుతుందని కొందరు నిపుణులు భావిస్తారు. అదే నిజమైతే, మనం కసిరి ఆపుతున్నది ఆ పసిదాని ఉపశమనాన్నే. పట్టించుకోకపోతే చూపు మందగించవచ్చు, ఎదుగుదల కుంటుపడవచ్చు, వయసుకు ముందే యుక్తవయసు లక్షణాలు రావచ్చు. ఎండోస్కోపుతో తిత్తి గోడకు రంధ్రం చేసి ద్రవానికి దారి ఇస్తే చాలామంది పిల్లల్లో ఊపు తగ్గుతుంది. ఆలస్యమైన కొద్దీ ఆ అవకాశం సన్నగిల్లుతుంది.

తల ఊపే పిల్లలందరిదీ ఇదే జబ్బు కాదు. ఏడాదిలోపు మొదలై, కళ్లు అదురుతూ, కొన్నేళ్లకు దానంతటదే తగ్గిపోయే రకం ఒకటుంది. తల వాల్చి చేతులు ముడిచే మూర్ఛ ఇంకొకటి. దానికి ఒక్క వారం జాప్యం కూడా మంచిది కాదు. తేల్చాల్సింది పిల్లల నరాల వైద్యుడు, ఎమ్మారై.

ఒమన్‌కు వలస వెళ్లిన మన తెలుగు కుటుంబాల విషయంలో ఈ ఆలస్యం భయమే ఎక్కువ. అక్కడ ఈ వైద్యం లేక కాదు. 1970 నుంచి మానవాభివృద్ధిలో అందరికంటే ముందుకు సాగిన దేశంగా ఐక్యరాజ్యసమితి 2010 నివేదిక ఒమన్‌నే పేర్కొంది. మస్కట్‌లోని ఖౌలా ఆసుపత్రి న్యూరోసర్జరీకి పేరున్న ప్రభుత్వ కేంద్రం. అయితే ఆ దేశ పౌరులకు ప్రభుత్వ వైద్యం అందినంత తేలిగ్గా మనవాళ్లకు అందదు. కడప నుంచో గోదావరి జిల్లాల నుంచో వెళ్లి మస్కట్‌లోని రూవీలో కాపురం పెట్టిన చిరుద్యోగికి దిక్కు ప్రైవేటు క్లినిక్కే. కంపెనీ ఇచ్చిన బీమా కార్డులో బిడ్డ పేరు లేకపోతే ఎమ్మారై ఖర్చు అతని జీతం మీదే పడుతుంది. సెలవుకు ఊరెళ్లినప్పుడు చూపిద్దామనుకుంటాడు. నా బాధంతా ఆ వాయిదా గురించే.

విదేశాల్లో కష్టంలో ఉన్న భారతీయుల కోసం 2009లో ఏర్పాటైన సంక్షేమ నిధి మన రాయబార కార్యాలయాల చేతిలో ఉంది. పిల్లల మెదడు పరీక్షలనూ అత్యవసరంగా గుర్తించి, ఆ నిధి నుంచి సాయం చేయాలి. అక్కడి తెలుగు సంఘాలు ఉగాది వేడుకలకు పిల్లల వైద్యుణ్ణి పిలిచి ఒక గంట మాట్లాడించాలి. ఊళ్లో పెరుగుతున్న పిల్లలకైతే 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. అంగన్‌వాడీకి వచ్చే ఆ కార్యక్రమ వైద్య బృందం టేపు పెట్టి తల చుట్టుకొలత తప్పక చూడాలి, ఈ కదలిక గురించి తల్లిని అడగాలి.

తల్లిదండ్రులు చేయగలిగిందీ ఉంది. డాక్టరు ముందు పిల్ల బిగుసుకుపోయి తల ఊపకపోవచ్చు. అందుకే ఇంట్లో ఆడుకుంటున్నప్పుడు, నడుస్తున్నప్పుడు, నిద్రలో ఉన్నప్పుడు ఒక్కోసారి అర నిమిషం చొప్పున ఫోన్‌లో వీడియో తీసి పట్టుకెళ్లాలి. బిడ్డ ఊళ్లో ఉండి తండ్రి మస్కట్‌లో ఉంటే, వీడియో కాల్‌లో ఆ ఊపు కనిపించిన రోజే ఇంటికి చెప్పి ఆసుపత్రికి పంపాలి, సెలవు దొరికేదాకా ఆగకూడదు.