నేపాళ మాంత్రికుడి చీకటి

నలుపు తెలుపు కాలంలో తెలుగువాళ్లు హారర్ సినిమా తీయలేదన్న మాట తరచుగా వినపడుతుంది. ఆ మాటను మేము ఒప్పుకోం. 1951 మార్చి 15న విడుదలైన ‘పాతాళ భైరవి’ని జానపదాల జాబితాలో వేసేసి, అందులోని భయాన్ని చూడటం మానేశాం. కథానాయకుడు తోటరాముడి సాహసాన్ని, ఘంటసాల బాణీలను, పింగళి మాటలను తలచుకున్నంతగా మాంత్రికుడి గుహను తలచుకోం.

కథలోంచి పాటల్నీ హాస్యాన్నీ కాసేపు తీసేసి చూడండి. దేవతకు బలి ఇవ్వడానికి ఒక మంత్రగాడు ధైర్యవంతుడైన కుర్రవాణ్ణి వెతుక్కుంటూ ఉజ్జయినికి వస్తాడు. రాజకుమారి మీద ఆ కుర్రవాడికున్న ప్రేమను పసిగట్టి, సంపద ఆశ చూపించి, తన కాళ్లతో తనే నడిచి వచ్చేలా చేసుకుంటాడు. ఒళ్లు జలదరించేది ఇక్కడే. దెయ్యం మీదపడి పట్టుకుంటే పోరాడవచ్చు. మన కోరికే మనల్ని బలిపీఠం దాకా నడిపిస్తే ఎవరితో పోరాడతాం? చివరికి తోటరాముడు మాంత్రికుణ్ణే బలి ఇస్తాడు. అంతటితో ఊపిరి పీల్చుకుందామంటే శిష్యుడు సదాజప సంజీవని మూలికతో గురువును మళ్లీ లేపుతాడు. బలి ఇవ్వబోయినవాడే బలి కావడం భేతాళ కథల నాటి మలుపు. ఆ మలుపు దగ్గర ఆగకుండా చచ్చినవాణ్ణి లేపడంలోనే కె.వి. రెడ్డి కథన నైపుణ్యం కనిపిస్తుంది.

మాంత్రికుడిగా వేసిన ఎస్వీ రంగారావుకు అప్పటికి 33 ఏళ్లు నిండలేదు. ఆ వంగిన మెడ, తిరిగే వేళ్లు, సాగదీసి పలికే మాట చూస్తే నమ్మబుద్ధి కాదు. నాటకాల్లో షేక్‌స్పియర్‌ను ఆడిన నటుడాయన. ఈ పాత్ర నడకకూ చేష్టలకూ షైలాక్ ప్రేరణ అని చెబుతారు. ‘డింభకా’ అన్న పిలుపులో లాలన వినిపిస్తుంది, ఆ లాలనే భయపెడుతుంది. ఈ పాత్రలో ఆయన అరుపుల మీద ఆధారపడలేదు.

ఇక మార్కస్ బార్‌ట్లే కెమెరా. తర్వాత ‘మాయాబజార్’లో వెన్నెలను పండించిన చేయి అదే. గోఖలే, కళాధర్ వేసిన సెట్ల మీద ఆయన వెలుగును పొదుపుగా వాడాడు. నలుపు తెలుపులో మనిషీ అతని నీడా ఒకే పదార్థంతో చేసినట్టుంటారు. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కన్ను వెంటనే తేల్చుకోలేదు. 1922లో జర్మనీలో మూర్నౌ తీసిన ‘నోస్ఫెరాటు’లో మెట్లెక్కే నీడ ఇప్పటికీ భయపెట్టడానికి కారణం అదే. రంగు వచ్చాక నీడ నీడగా, మనిషి మనిషిగా విడిపోయారు. 2010లో ‘మాయాబజార్’కు రంగులద్దారు. ఆ చిత్రం సంబరం కాబట్టి సరిపోయిందేమో. ‘పాతాళ భైరవి’కి మాత్రం ఆ పని ఎవరూ తలపెట్టకూడదని మా గట్టి అభిప్రాయం.

ఈ మాంత్రికుడికి వారసులున్నారు. యండమూరి నవల ‘తులసిదళం’లోని క్షుద్ర ప్రయోగాలు, 2009లో వచ్చిన ‘అరుంధతి’లో సమాధి లోంచి లేచిన పశుపతి, అతడు వేసిన దారిలోనివే. అయితే ఫిల్మ్ నగర్‌లో ఇప్పుడు రూపుదిద్దుకునే హారర్ చిత్రాలు ఎక్కువగా శబ్దాన్ని నమ్ముకుంటున్నాయి. హఠాత్తుగా తలుపు కొట్టుకుంటుంది, స్పీకర్లు అదురుతాయి, వెంటనే ఒక హాస్యనటుడు వచ్చి నవ్విస్తాడు. ఉలికిపాటు క్షణంలో పోతుంది. అనుమానం ఇంటిదాకా వస్తుంది. 1992లో ‘రాత్రి’ తీసినప్పుడు రామ్‌గోపాల్ వర్మకు ఈ తేడా తెలుసు. ఇవాళ జూబిలీ హిల్స్ ఆఫీసుల్లో దెయ్యం కథలు చెబుతున్న యువ దర్శకులు దీన్ని గమనించాలని కోరుకుంటున్నాం.

ఇలాంటి చిత్రాన్ని చూడటానికి ఫోను తెర చాలదు. దాదాపు మూడుంబావు గంటల సినిమాను చీకటి హాల్లో, నలుగురి మధ్య కూర్చుని చూడాలి. చూడాలంటే ముందు ప్రింటు ఉండాలి. ‘డ్రాకులా’ రచయిత స్టోకర్ భార్య వేసిన దావాలో ‘నోస్ఫెరాటు’ ప్రింట్లను నాశనం చేయమని కోర్టు ఆదేశించింది, ఎక్కడో మిగిలిన కొన్ని ప్రతుల వల్ల అది బతికింది. మనకు ఏ కోర్టూ చెప్పకుండానే మూకీల నాటి సంపద చేజారిపోయింది. పాత ఫిలిం కాపాడుకునే పద్ధతుల మీద 2019 డిసెంబరులో అన్నపూర్ణ స్టూడియోలో కార్యశాల జరిగింది. ఆ పని అక్కడితో ఆగకూడదు.

2026 మార్చి 15 నాటికి ‘పాతాళ భైరవి’కి 75 ఏళ్లు. ఏటా ఆ తేదీన ఫిల్మ్ నగర్‌లో ఒక పెద్ద తెర మీద, రంగులు వేయకుండా, కోతలు లేకుండా ఆ చిత్రాన్ని ప్రదర్శించమని తెలుగు ఫిలిం ఛాంబర్‌ను అడుగుతున్నాం. నిర్మాతలూ దర్శకులూ పిల్లల్ని వెంటబెట్టుకుని రావాలి.