రాని రాళ్ల లెక్క మీకు తెలుసా?

నా మొదటి ఇంటర్వ్యూల్లో ఒకదానిలో అడిగిన ప్రశ్న ఇది. "భూమిలో అడ్డంగా చమురు బావి తవ్వుతున్నారు. వేగం గంటకు 10 మీటర్లు, అందులో మార్పు లేదు. కానీ పైకొచ్చే రాతి ముక్కలు సగానికి తగ్గాయి. మంచిదా, చెడ్డదా?"

నేను క్షణం కూడా ఆలోచించలేదు. "మంచిదే సార్, బావి శుభ్రపడినట్టు" అన్నాను. ఆయన తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. నేను సరిగ్గా చెప్పాననే అనుకున్నాను. ఆ ఉద్యోగం రాలేదని వేరే చెప్పక్కర్లేదు కదా!

జవాబు ఎందుకు తప్పో చెప్పడానికి చమురు క్షేత్రం దాకా వెళ్లనక్కర్లేదు. మీ ఊళ్లో బోరు వేస్తుంటే చూసే ఉంటారు. కంప్రెసర్ గాలికి రాతిపొడి బుస్సున పైకి తన్నుకొస్తుంటుంది. ఉన్నట్టుండి ఆ పొడి రావడం ఆగితే, కింద సుత్తి మాత్రం కొడుతూనే ఉంటే, బోరు బండి దగ్గరున్న కుర్రాడు సంతోషించడు. రాడ్ కిందికి దించడం ఆపేసి, ముందు గాలి కొట్టి లోపలున్నది బయటికి పంపే పని చూస్తాడు. నలిగిన రాయి బయటికి రాలేదంటే లోపలే ఉన్నట్టు. అది రాడ్ చుట్టూ బిగుసుకుంటే బోరు పోతుంది, రాడ్లూ పోతాయి. నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివిన నాకు తట్టనిది అతనికి తెలుసు.

చమురు బావిలో గాలి బదులు మడ్ వాడతారు. పైపు లోపలి నుంచి కిందికి పంపిన ఈ చిక్కటి ద్రవం బిట్ దగ్గర బయటపడి, పైపుకీ బావి గోడకీ మధ్య ఉన్న ఖాళీ గుండా రాతి ముక్కల్ని మోసుకుంటూ పైకొస్తుంది. ఆ ఖాళీని యాన్యులస్ అంటారు. పైన షేల్ షేకర్ అనే అదిరే జల్లెడ రాళ్లను ఆపి మడ్‌ను కిందికి వదులుతుంది. నిలువు బావిలో లెక్క సులువే. రాయి కిందికి జారే వేగం కంటే మడ్ పైకొచ్చే వేగం ఎక్కువుంటే చాలు. మన పాఠాల్లో, పరీక్షల్లో ఎక్కువగా కనిపించేది ఈ నిలువు బావే.

బావి అడ్డం తిరిగాక ఈ లెక్క పనికిరాదు. అక్కడ రాయి కింది గోడను తాకడానికి కొన్ని అంగుళాలు పడితే చాలు. పైపు కూడా బరువుకి కింది గోడ మీదే పడుకుంటుంది. మడ్ ఖాళీ ఎక్కువున్న పైభాగం గుండా హాయిగా పరిగెడుతుంది, పైపు కిందున్న ఇరుకులో దాదాపు కదలదు. గోదావరి డెల్టాలో కాలువ గట్టున పెరిగినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. నీరు నెమ్మదించిన చోట పూడిక పడుతుంది. ఏటా పూడిక తీయకపోతే శివారు పొలానికి నీరందదు. బావిలో పూడిక తీయడానికి పొక్లెయిన్ దిగదు, అంతే తేడా. నిలువు నుంచి అడ్డానికి తిరిగే వంపు మరీ మొండిది. సుమారు 40 నుంచి 60 డిగ్రీల వాలులో పూడిక ఉన్నచోట ఉండకుండా, పంపులు ఆపగానే కట్టగా కిందికి జారుతుంది.

పూడికను లేపే గట్టి ఆయుధం పైపు తిప్పడమే. పైపు తిరిగితే కిందున్న రాళ్లు ఎగిరి మడ్ పరిగెత్తే దారిలో పడతాయి. చాలా రిగ్గుల మీద నిమిషానికి 120 చుట్లు దాటాలని చెప్పుకునేది ఇందుకే. అయితే కింద మోటారు పెట్టి దిశ మార్చేటప్పుడు పైపును తిప్పకుండా ముందుకు తోస్తారు, దీన్ని స్లైడింగ్ అంటారు. ఆ కాసేపట్లో రాయి తెగుతూనే ఉంటుంది, లేపేవాడు ఉండడు.

ఇప్పుడు నా ఇంటర్వ్యూ ప్రశ్నకు అంకెలు వేద్దాం. బావి వ్యాసం ఎనిమిదిన్నర అంగుళాలు అనుకోండి. మీటరు తవ్వితే 0.0366 ఘనపు మీటర్ల రాయి తెగుతుంది. గంటకు 10 మీటర్లంటే 0.366 ఘనపు మీటర్లు. రాయి సాంద్రత 2.6 అనుకుంటే గంటకు దాదాపు 950 కిలోలు. 12 గంటల షిఫ్టులో 11 టన్నులకు పైనే. షేకర్ మీదికి సగమే వచ్చిందంటే మిగతా ఐదారు టన్నులు ఎక్కడున్నాయి? నా "శుభ్రపడిన" బావిలోనే ఉన్నాయి సార్!

కొంచెం ఆగండి. ఈ కూడికకు ముందు టైమ్ సరిచూసుకోవాలి. 4,000 మీటర్ల బావి, అయిదు అంగుళాల పైపు, నిమిషానికి 2 ఘనపు మీటర్ల మడ్ అనుకుంటే, కింది మడ్ పైకి రావడానికి సుమారు 48 నిమిషాలు పడుతుంది. ఇదే లాగ్ టైమ్. రాళ్లకు ఇంకా ఎక్కువే, ఎందుకంటే అవి పడుతూ లేస్తూ వస్తాయి. అంటే ఇప్పుడు షేకర్ మీద చూస్తున్నది ఇప్పుడు తెగిన రాయి కాదు. గంట కిందట వేగం తగ్గి ఉంటే ఇప్పుడు రాళ్లు తగ్గడం సహజమే. ఈ ఒక్క విషయం మర్చిపోయి గీసిన గ్రాఫ్ ఎంత రంగురంగులుగా ఉన్నా చెత్తే.

బరువు ఎలా తూస్తారంటే, షేకర్ చివర ఒక ట్రే పెడతారు. రాళ్లు అందులో పడతాయి, సెన్సర్ బరువు చూస్తుంది, ట్రే బోర్లపడి ఖాళీ అవుతుంది, మళ్లీ మొదలు. ఈమధ్య కెమెరాలు పెట్టి రాళ్ల పరిమాణాన్ని, ఆకారాన్ని సాఫ్ట్‌వేర్‌తో అంచనా వేసే పద్ధతులూ వచ్చాయి. ఏది వాడినా రాయికి అంటుకున్న మడ్ బరువును తీసేయాలి. జల్లెడ కన్నాల్లోంచి జారిపోయిన సన్నటి పొడిని లెక్కలో కలపాలి. అందుకే కొలిచింది నూటికి నూరు పాళ్లు ఎప్పుడూ సరిపోలదు. రావాల్సినదానికీ వచ్చినదానికీ మధ్య తేడా గంటగంటకూ పెరుగుతోందా, అలాగే ఉందా అన్నది చూడాలి.

దీనికి సాక్ష్యం ఇంకో రెండు చోట్ల దొరుకుతుంది. పైపును పైకి లాగినప్పుడు, కిందికి దించినప్పుడు, ఊరికే తిప్పినప్పుడు హుక్ మీద బరువు ఎంతో రాసుకుంటూ పోతారు. లెక్క ప్రకారం ఉండాల్సిన గీత నుంచి లాగుడు బరువు పైకి జరుగుతుంటే, టార్క్ కూడా పెరుగుతుంటే, లోపల రాపిడి పెరిగినట్టే. రెండోది, బిట్‌కు దగ్గర్లో ఉండే పీడనం సెన్సర్. మడ్‌లో రాళ్లు నిండితే, దారి ఇరుకైతే అక్కడ పీడనం పెరుగుతుంది. ట్రే, హుక్, పీడనం మూడూ ఒకే మాట చెబితే ఇక వాదన అనవసరం.

అన్నిటికంటే మోసం చేసేది ఖాళీ షేకర్. పైపు బయటికి తీసే ముందు మడ్ తిప్పుతారు. కాసేపటికి రాళ్లు రావడం ఆగిపోతుంది. "క్లీన్" అని రిపోర్టు రాసేస్తారు. కదిలే రాళ్లు మాత్రమే వచ్చాయి, కింద పడుకున్న పూడిక పడుకునే ఉంది. పైపు లాగుతుంటే బిట్, దాని వెనకున్న లావు భాగాలు ఆ పూడికను ముందుకు తోసుకుంటూ వచ్చి బిరడాలా బిగుస్తాయి. పైపు ఇరుక్కుంటే రోజులు పోతాయి, రిగ్ అద్దె రోజుకు లక్షల్లో పెరుగుతుంది, కొన్నిసార్లు పైపును అక్కడే కోసేసి పక్క నుంచి మళ్లీ తవ్వాల్సి వస్తుంది. మనవాళ్లకు చమురు బావి ప్రమాదం అంటే 1995 నాటి పాశర్లపూడి మంటలే గుర్తొస్తాయి. ఇది అలాంటిది కాదు. చప్పుడుండదు, పేపర్లో రాదు.

ఇది ఎంత దూరం సాధ్యమో చూడాలంటే ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని విచ్ ఫామ్ క్షేత్రాన్ని చూడండి. చమురు పూల్ బే సముద్రం కింద ఉంది. ఒడ్డు మీంచే అడ్డంగా తవ్వారు. 1998లో బీపీ అక్కడ తవ్విన ఎం-11 బావి ఒడ్డు నుంచి 10 కిలోమీటర్లకు పైగా పక్కకు వెళ్లింది. చమురు పొర లోతు మాత్రం సుమారు 1,600 మీటర్లే. అంత పొడవైన పడుకున్న గొట్టంలోంచి ప్రతి రాతి ముక్కా ఒడ్డుకు రావాలి. రాళ్ల లెక్క చూడకుండా అలాంటి బావి పూర్తవుతుందా?

ఇక మీ సంగతికి వద్దాం. కాకినాడ జేఎన్‌టీయూలోనో, విశాఖ ఐఐపీఈలోనో పెట్రోలియం చదివేవాళ్లతో పాటు, మెకానికల్, ఈసీఈ వాళ్లకూ చెబుతున్నాను. "ఆయిల్ అండ్ గ్యాస్‌లో ఏఐ" అనే సర్టిఫికెట్ కోసం వేలు కట్టి, మడ్ లాగింగ్ ఉద్యోగం వస్తే "రాళ్లు కడిగే పని" అని వదిలేసిన వాళ్లు నాకు తెలుసు. 12 గంటల షిఫ్టు, ఇంటికి దూరం, మొదట్లో జీతం కూడా గొప్పగా ఉండకపోవచ్చు, అవన్నీ నిజమే. ఇంట్లోవాళ్లకు ఆ ఉద్యోగమేంటో చెప్పడమూ కష్టమే. అయినా నా అభిప్రాయం ఇది. ఆ ఏఐకి తినిపించే డేటా పుట్టేది అక్కడే. రాయిని చేతిలోకి తీసుకుని చూసినవాడికి తెలిసేది డ్యాష్‌బోర్డు ముందు కూర్చున్నవాడికి తెలియదు. అంచులు అరిగి గుండ్రంగా ఉంటే, ఆ రాయి లోపల చాలాసేపు దొర్లింది. పెద్దగా, పెచ్చులుగా, వాడిగా ఉంటే అది బిట్ కోసింది కాకపోవచ్చు, గోడ విరిగి పడుతోందేమో. గ్రాఫ్‌లో రెండూ కిలోలే.

ఇంకో కష్టం కాలేజీలో ఎవరూ చెప్పరు. తేడా పెరుగుతోందని మొదట చూసేది చాలాసార్లు ఆ షిఫ్టులో అందరికన్నా చిన్నవాడే. పైవాళ్లకు ఇవాళ్టి మీటర్లు కావాలి. "తవ్వడం ఆపి, పైపు తిప్పుతూ మడ్ తిప్పుదాం సార్" అని రాత్రి రెండింటికి చెప్పాలంటే గొంతు పెగలదు. చేతిలో గంటగంటకూ రాసిన కాగితం ఉంటే పెగులుతుంది. అందుకైనా ఈ లెక్క చేత్తో వేయడం నేర్చుకోండి.

ప్రాక్టీసుకు డేటా లేదనకండి. ఉత్తర సముద్రంలో నార్వేకు చెందిన వోల్వ్ క్షేత్రం సమాచారాన్ని ఈక్వినార్ సంస్థ 2018లో అందరికీ విడుదల చేసింది. అందులో డ్రిల్లింగ్ డేటా కూడా ఉంది. ఒక బావి తీసుకోండి. బావి వ్యాసం, తవ్విన లోతు నుంచి గంటకు ఎన్ని కిలోల రాయి తెగిందో ఒక కాలమ్ వేయండి. పక్కన లాగ్ టైమ్. ఆ పక్కన హుక్ బరువు, టార్క్, పైపు చుట్లు. ఎక్కడ చుట్లు సున్నాకు పడ్డాయో, ఆ తర్వాత హుక్ బరువు ఏమైందో చూడండి. ఎక్సెల్ చాలు, పైథాన్ తర్వాత నేర్చుకోవచ్చు. ఈ షీటు మీ రెజ్యుమెలో ఒక్క లైను అవుతుంది, కానీ ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడిస్తుంది.

నన్ను ఆ ప్రశ్న మళ్లీ అడిగితే మంచిదో చెడ్డదో వెంటనే చెప్పను. గంట కిందట వేగం ఎంత సార్, పైపు తిరుగుతోందా, పంపులు తగ్గించారా, జల్లెడ చిరిగిందేమో చూశారా అని అడుగుతాను.