సున్నిత ప్రాంతం అంటే ఎవరికి సున్నితం?

మేం ఉండే చోటుకు మూడు పేర్లు. ఇంట్లో మొహల్లా అంటాం. ఊళ్లోవాళ్లు సాయిబుల పేట అంటారు. పోలీసు రికార్డులో అది సున్నిత ప్రాంతం. ఎన్నికలొస్తే సమస్యాత్మక ప్రాంతం, ఒక్కోసారి అతి సమస్యాత్మక ప్రాంతం. మొదటి పేరు మేం పెట్టుకున్నది. రెండోది ఇరుగుపొరుగు పెట్టింది. అందులో కాస్త వెటకారమున్నా చనువు కూడా ఉంది. మూడో పేరు ఏం కొలిచి పెట్టారో మాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆ మూడో పేరే మిగతా రెంటినీ మింగేస్తోంది.

గుంటూరుకు బదిలీ మీద వచ్చిన ఉద్యోగి ఇల్లు వెతుక్కుంటూ ఎవర్నడిగినా ఒకటే జవాబు. బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం, బృందావన్ గార్డెన్స్ చూసుకోండి, రైలుకట్ట దాటి పాతగుంటూరు వైపు మాత్రం వద్దండి, ఆ ఏరియా మంచిది కాదు. ఈ మాట చెప్పినవాడు మతతత్వవాది కానక్కర్లేదు. కమ్యూనిస్టు కావచ్చు, కవి కావచ్చు, ప్రతి రంజానుకూ మా ఇంట్లో సేమియా తాగి వెళ్లే మిత్రుడే కావచ్చు. "మీ గురించి కాదు భాయ్, జనరల్‌గా చెబుతున్నా" అంటాడు. ఆ జనరల్‌లోనే మేం పుట్టి పెరిగాం. మిత్రులారా, మా తగాదా ఆ జనరల్‌తోనే.

ఒక పేట ప్రమాదకరమా కాదా అన్నది ఇప్పుడు అక్కడ ఎన్నడూ అడుగుపెట్టనివాడి గుండెదడను బట్టి తేలుతోంది. అక్కడ బతికేవాళ్లకు ఏం జరుగుతోందో దాన్నిబట్టి తేల్చమని మేం అంటున్నాం. ప్రాణభయమే కొలబద్ద అయితే లెక్కలు చూడండి. 2022లో ఈ దేశంలో హత్యలు 28,522. అదే ఏడాది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491. దాదాపు ఆరు రెట్లు. అయినా జాతీయ రహదారి పక్కన ప్లాటు వద్దండి, అక్కడ మనుషులు చస్తారు అని చెప్పిన బ్రోకరును మేం చూడలేదు. పైగా గజానికి ధర పెంచుతాడు.

ఈ రెండు కొలతలకూ ఎంత దూరమో 2018లో పాతగుంటూరు చూపించింది. ఆ ఏడాది మార్చిలో ఆనందపేట, సంగడిగుంట చుట్టుపక్కల వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మంచినీళ్ల పైపుల్లో మురుగు కలిసింది. వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. చనిపోయినవాళ్లు పదిమందికి తక్కువ లేరు. కొళాయి తిప్పితే చావు వచ్చింది. రెండు నెలలు తిరిగాయో లేదో, మే నెలలో ఒక పసిపిల్ల మీద లైంగిక దాడి జరిగింది. నిందితుణ్ని తమకు అప్పగించమని జనం పాతగుంటూరు పోలీసు స్టేషన్ మీద పడ్డారు. రాళ్లు పడ్డాయి. పోలీసులకు దెబ్బలు తగిలాయి. 144వ సెక్షన్ పెట్టారు. మా కుర్రాళ్ల మీద కేసులయ్యాయి. 2020 ఆగస్టులో ప్రభుత్వం ఆ కేసులు ఉపసంహరిస్తూ జీవో ఇస్తే పార్టీలు దాని మీద కత్తులు దూసుకున్నాయి, వ్యవహారం హైకోర్టుకెక్కింది.

రాళ్లేసినవాణ్ని మేం వెనకేసుకు రావడం లేదు. నిందితుణ్ని గుంపు చేతికివ్వమనడం న్యాయం కాదు. గుంపు న్యాయం ఎలా ఉంటుందో ఈ దేశంలో మాకు ఒకరు చెప్పనక్కర్లేదు. మా ప్రశ్న వేరు. మార్చిలో మనుషులు పోయారు. మేలో స్టేషన్ అద్దాలు పోయాయి. పాతగుంటూరుకు చెడ్డపేరు ఏ నెల వల్ల వచ్చింది? మే నెల సంగతి రాష్ట్రమంతా చెప్పుకున్నారు. మార్చి సంగతి ఆ సందులు దాటి ఎవరికీ గుర్తు లేదు. మురుగు కలిసిన పైపుకు ఎవరూ రౌడీషీటు తెరవరు.

మేం పత్రికల్లో పనిచేసినవాళ్లం, అదీ రెండు భాషల్లో. ఈ పేరు ఎలా తయారవుతుందో దగ్గర్నించి చూశాం. అరండల్‌పేటలో హత్య జరిగితే తెలుగు డెస్కులో పెట్టే హెడ్డింగు 'వ్యాపారి దారుణ హత్య'. పాతగుంటూరులో జరిగితే 'పాతగుంటూరులో హత్య, ఉద్రిక్తత'. అక్కడ మనిషి చస్తాడు, ఇక్కడ పేట చంపుతుంది. ఉర్దూ పత్రికలది ఇంకో జబ్బు. మొహల్లాలో ఏం జరిగినా జుల్మ్ అని ఒకటే మాట. మావాడే మావాణ్ని పొడిస్తే మాత్రం లోపలి పేజీలో నాలుగు లైన్లు. తెలుగు పత్రిక చదివితే మా పేట నిండా కత్తులే. ఉర్దూ పత్రిక చదివితే మా పేట నిండా ఔలియాలే. బిందె పట్టుకుని కొళాయి దగ్గర నిలబడ్డ మనిషి రెంటిలోనూ లేదు.

మాటల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. గుంటూరు మిర్చి యార్డులో ముఠా అంటే టిక్కీలు మోసే హమాలీల జట్టు. ముఠాకో మేస్త్రి ఉంటాడు, ముఠాకో కూలి లెక్క ఉంటుంది. ఆ ముఠాలో ఘాటుకు దగ్గుతూ పగలంతా బస్తాలు మోసిన కుర్రాడు రాత్రి సందు మొగలో నలుగురితో కలిసి టీ తాగుతుంటే, జీపులోంచి చూసినవాడికి అదీ ముఠాయే. కాకపోతే ఈసారి అర్థం వేరు. తెల్లవారుజామున కార్డన్ సెర్చ్ వస్తుంది. సందుకు రెండు వైపులా తాడు కట్టి ఇల్లిల్లూ తడుముతారు. చివరికి దొరికేది కాగితాల్లేని మోటార్ సైకిళ్లు. లక్ష్మీపురం అపార్ట్‌మెంట్లలో అన్ని బళ్లకూ కాగితాలున్నాయని ఎవరు తనిఖీ చేశారు?

రౌడీషీటు సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. దానికి కోర్టు అక్కర్లేదు, శిక్ష అక్కర్లేదు. స్టేషన్‌లో ఒక ఫైలు తెరిస్తే చాలు. తరువాత ఆదివారాలు కౌన్సెలింగ్, పండగలకు బైండోవర్, ఎన్నికలకు మళ్లీ బైండోవర్. కేసు కొట్టేసినా షీటు కదలదు. పెళ్లి సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు అడిగేది అదే. అనుమానితుడి ఇంటికి రాత్రిపూట వెళ్లి తలుపు కొట్టే అధికారం చెల్లదని సుప్రీంకోర్టు ఖరక్ సింగ్ కేసులో చెప్పింది 1962లో. ఈ షీట్లకు ఆధారం పోలీసు స్టాండింగ్ ఆర్డర్లే, వాటికి చట్టబలం లేదు అని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి ఒకరు చెప్పింది 2022 జులైలో. అరవై ఏళ్ల తేడా. మా గుమ్మం ముందు టార్చిలైటు మాత్రం అదే. ఇందులో ఒక తిరకాసు గమనించండి. షీట్లు ఎక్కువున్నాయి కాబట్టి అది సున్నిత ప్రాంతం. సున్నిత ప్రాంతం కాబట్టి అక్కడ షీట్లు తెరుస్తారు. ఈ గానుగలో ఎద్దు మేమే, నువ్వులూ మేమే.

ఈ పేరు పోలీసు స్టేషన్‌లో ఆగితే బాగుండేది. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను అప్పులివ్వకూడని ప్రతికూల ప్రాంతాలుగా గుర్తు పెట్టుకుంటున్నాయని సచార్ కమిటీ 2006లోనే రాసింది. మా వెల్డింగ్ షాపు వాడు, సోఫాలు కుట్టేవాడు, పండ్లబండి వాడు వడ్డీ వ్యాపారి దగ్గరికి ఎందుకు పోతున్నారంటే ఇందుకు. ఇళ్ల సంగతి సరేసరి. దూదేకుల సోదరుల్ని అడగండి. వాళ్ల మాతృభాష తెలుగు. పేర్లు కూడా చాలామందివి సగం తెలుగే. ఇంటిపేరు నూర్‌బాషా అని బయటపడేదాకా గది ఖాయమే, ఆ తరువాత 'వెజిటేరియన్లకే ఇద్దామనుకుంటున్నాం'. ఈ పత్తి నేలలో దూదేకి ఊరందరికీ పరుపులు కుట్టిచ్చిన కులం అది. వాళ్లు కుట్టిన పరుపు మీద పడుకునే ఇంట్లోనే వాళ్లకు అద్దెకు గది దొరకదు.

మనుషులకు బదులు చోటుకే నేరం అంటగట్టడం మాతో మొదలు కాలేదు. బాపట్ల, చీరాల మధ్య రైలు పక్కనే స్టూవర్టుపురం ఉంది. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో పెట్టిన సెటిల్‌మెంటు అది. పసిబిడ్డ పుట్టగానే నేరస్థుడని ప్రభుత్వమే రాసుకున్న కాలం. 1952లో ఆ చట్టం రద్దయింది. పేరు రద్దు కాలేదు. 1991లో ఆ ఊరి పేరుతోనే సినిమా వచ్చింది. 2023లో అక్కడి దొంగ కథతో ఇంకో సినిమా వచ్చింది. ఆ ఊళ్లో టీచర్లున్నారు, రైతులున్నారు, రైల్వే ఉద్యోగులున్నారు. వాళ్ల మీద సినిమా రాదు.

అదే రైలుదారికి అటూ ఇటూ రెండు 'మంచి' ఊళ్లు. కారంచేడు, చుండూరు. పచ్చని పొలాలు, మేడలు, చదువుకున్న కుటుంబాలు. సంబంధానికీ వ్యాపారానికీ ఎవరూ వెనకాడని ఊళ్లు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను వేటాడి చంపారు. అక్కడా మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపి గోతాల్లో కట్టి కాలువలో వేశారు, అదీ పోలీసులు ఊళ్లో ఉండగానే. చుండూరు ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ దళితుల్ని అడగాలి కదా, ఏ ఏరియా మంచిదని! ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వాళ్లు పరుగెత్తింది చీరాల, తెనాలి వైపు. పట్నంలో ఇరుకు పేటల వైపు.

మాకూ ఒక పటం ఉంది. అది మీ పటానికి తిరగేసి ఉంటుంది. పాతగుంటూరులో అర్ధరాత్రి సెహరీకి లేచి పిల్లాణ్ని ఒక్కణ్నే పాలకు పంపగలం. రైలెక్కితే మాత్రం టోపీ తీసి సంచిలో పెట్టుకుంటాం. 2023 జులై 31న జైపూర్ ముంబై రైల్లో కాపలా ఉండాల్సిన కానిస్టేబులే తన పై అధికారిని, ముగ్గురు ముస్లిం ప్రయాణికులను కాల్చి చంపాక మా అమ్మలు ఆ మాట మళ్లీ మళ్లీ చెబుతున్నారు. మాకు సున్నిత ప్రాంతం అది. ఊరి నడిబొడ్డున జిన్నా టవర్ సెంటరు చూడండి. స్వాతంత్ర్యానికి ముందు కట్టిన స్తంభం. అందరూ బేరాలాడుకుని పోయే చోటు. 2022 జనవరిలో రాత్రికి రాత్రి అది ఉద్రిక్త ప్రాంతమైంది. పేరు మారుస్తారా కూలుస్తారా అని సవాలు చేసినవాళ్లు మా పేటవాళ్లు కాదు. ఫిబ్రవరిలో టవరుకు మూడు రంగులు పూసి జెండా ఎగరేశారు. దేశభక్తి నిరూపించుకోవాల్సింది ఎవరో అందరికీ అర్థమైంది. బెంగళూరులో ముస్లింలుండే ఒక ప్రాంతాన్ని హైకోర్టు జడ్జీయే పాకిస్తాన్ అంటే, ఈ దేశంలో ఏ భాగాన్నీ అలా అనడానికి వీల్లేదని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ మాట ఎన్ని ఆటో స్టాండుల్లో, ఎన్ని స్టాఫ్ రూముల్లో రోజూ దొర్లుతోందో మాకు తెలుసు. అక్కడ సుప్రీంకోర్టు లేదు.

ఇంతకీ మా పేటల్లో భయపడాల్సిందేమీ లేదా అంటే, ఉంది. గంజాయి వచ్చింది. జేబులో బ్లేడు పెట్టుకుని తిరిగేవాళ్లు వచ్చారు. 2024 జులైలో వినుకొండ నడిరోడ్డు మీద నరికి చంపారే, చచ్చినవాడూ మావాడే, చంపాడని పట్టుబడ్డవాడూ మావాడే. పార్టీ కక్షా సొంత కక్షా అని రెండు పార్టీలు తన్నుకున్నాయి. రెండు పార్టీలకూ మా కుర్రాళ్లు కావాలి, జెండా మోయడానికో కత్తి మోయడానికో. వాళ్లకు పని చూపించమంటే ఎవరూ పలకరు.

ఆడవాళ్ల సంగతి ఇంకా చేదు. ఎండాకాలం కోల్డ్ స్టోరేజీల్లో, యార్డు చుట్టుపక్కల మిర్చి ముచ్చికలు తీసి చీకటిపడ్డాక తిరిగొచ్చే మా అక్కచెల్లెళ్లను అడిగితే, దీపాల్లేని రోడ్డు మీద భయమంటారు. సందులోకి వచ్చాక ధైర్యమంటారు. అరుగు మీద ఎవరో ఒక ముసలమ్మ మేలుకునే ఉంటుంది. ఆ తరువాత గొంతు తగ్గించి చెప్పేది వేరే ఉంది. అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. ఏ పేటలోనైనా ఇదే లెక్క, మా పేటలోనూ ఇదే. తలుపు వేసుకున్నాక లోపల జరిగేదాన్ని ఏ పెట్రోలింగ్ జీపూ చూడదు. మా పెద్దలు బురఖా గురించి మాట్లాడినదాంట్లో పదోవంతు దీని గురించి మాట్లాడి ఉంటే మేం ఈ పేరా రాసేవాళ్లం కాదు.

మా పెద్దల గురించి ఒక మాట. వినాయక చవితికి ముందూ బక్రీదుకు ముందూ స్టేషన్‌లో శాంతి కమిటీ పెడతారు. ఉర్దూలో అమన్ కమిటీ. మా సదర్ సాహెబులు తెల్లబట్టలు వేసుకుని వెళతారు. మా పేట నుంచి ఏ గొడవా రాదని హామీ ఇచ్చి, టీ బిస్కట్లు పుచ్చుకుని, ఫోటో దిగి వస్తారు. గొడవ మా పేట నుంచే వస్తుందని వాళ్లే ఒప్పుకున్నట్టు కాలేదా ఇది? బ్రాడీపేట నుంచి ఎవరైనా వెళ్లి ఇలాంటి హామీ ఇచ్చారా? వచ్చే పండగకు పిలుపు వస్తుంది. ఈసారి మా పెద్దలు ఆనందపేట కొళాయి నీళ్లు సీసాలో పట్టుకుని, వాటి పరీక్ష రిపోర్టు కూడా తీసుకుని వెళ్లాలి. ముందు అది చదవమని అడగాలి. టీ తరువాత తాగవచ్చు, ఆ టీ ఏ నీళ్లతో పెట్టారో కనుక్కుని.