గోడకెక్కిన ప్లాస్టిక్కు

గోదావరి చెంత, శ్రీరామసాగరమునకు చేరువనున్న మెండోర ప్రాంతము పసుపు పంటకు పేరుగాంచినది. అచటి పొలములకు ఎరువు వచ్చునది ప్లాస్టిక్కు సంచులలోనే. చినిగిన సంచి కాలువగట్టున పడును, లేదా మంటలో కాలి విషపు పొగ గ్రక్కును. మట్టిలో పూడ్చినను ఏండ్ల తరబడి కుళ్ళదు. పొలమున కిది దోషమే. గోడకు గుణము కాదా?

హైదరాబాదులోని ఉప్పల్‌లో ‘బ్యాంబూ హౌస్ ఇండియా’ అను సంస్థ పారవేసిన ప్లాస్టిక్కును పలకలుగా మలచి, వానితో ఇల్లు కట్టి చూపినది. మెచ్చదగిన పనియే. అయినను ఉత్సాహము హద్దు మీరరాదు. ప్లాస్టిక్కు నిప్పునకు వెంటనే లొంగును; ఎండకు పెళుసెక్కును. కట్టెలపొయ్యి రగులు వంటింటికిగాని, పసుపు ఉడుకబెట్టు చోటికిగాని అది తగదు.

బడిముందు అరుగుతో మొదలిడుట మేలు. పొడిమట్టి గట్టిగా కూరిన సీసాలను ఇటుకలవలె పేర్చి, ఎండ సోకకుండ పైపూత పూసిన చాలును; యంత్రముతో పనిలేదు. అసలు చిక్కు వేరొకటి కలదు. ఏరి తెచ్చువానికి తగిన వెల ముట్టవలెను. ముట్టనిచో ఆ సీసాలు మరల కాలువకే చేరును.