వరి మాగాణి మినుముకు కనిపించని పోటీ

స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాల లాభనష్టాలను మనం సాధారణంగా ఎగుమతి, దిగుమతి లెక్కలలో చూస్తాము. పొలంలోని పంటల క్రమంపై వాటి ప్రభావాన్ని ఆ లెక్కలు చెప్పవు. కృష్ణా డెల్టా దిగువ ప్రాంతపు వరి మాగాణి మినుమే ఇందుకు నిదర్శనం.

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో రైతులు వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలిచిన పైరులోనే మినుము చల్లుతారు. దుక్కి అక్కరలేదు; నేలలో మిగిలిన తేమే ఆధారం. ఫిబ్రవరి, మార్చి నెలలలో పంట చేతికి వస్తుంది. మయన్మార్ మినుము మార్కెట్టుకు చేరేదీ ఇంచుమించు ఆ రోజులలోనే.

ఆసియాన్ దేశాలతో సరకుల ఒప్పందం 2010లో అమలులోకి వచ్చింది. 2017లో మినుము దిగుమతిపై విధించిన పరిమాణ ఆంక్షలను 2021 మేలో తొలగించారు. ఆ వెంటనే, ఐదేళ్లపాటు ఏటా 2.5 లక్షల టన్నుల మినుముకు మయన్మార్‌తో అవగాహన కుదిరింది. వినియోగదారునికి పప్పు అందుబాటు ధరకు దొరకడం న్యాయమే. కాని కోతల వేళ ధర కుంగితే, పల్లాకు తెగులును గెలిచిన రైతు సైతం బజారులో ఓడిపోతాడు. మరుసటి ఏడు ఆ పొలం బీడు పడవచ్చు, లేదా చేపల చెరువు కావచ్చు. నేలకు నత్రజని చేర్చే పైరు పోయిన నష్టం ఏ వాణిజ్య పట్టికలోనూ నమోదు కాదు.

దిగుమతులను నిషేధించాలన్నది నా వాదన కాదు. సుంకాన్ని మన కోత కాలానికి అనుగుణంగా సవరించాలి. మద్దతు ధర కొనుగోళ్లకు కోతకు ముందే ఏర్పాట్లు జరగాలి. విస్తరణ శాస్త్రవేత్తలు తెగుళ్లతోపాటు దిగుమతుల రాకను గురించి కూడా రైతును హెచ్చరించాలి. లాం, ఘంటసాల పరిశోధన స్థానాల రకాలు ఎంత మేలైనవైనా, వాటిని విత్తే ధైర్యం రైతుకు మిగలాలి కదా!