దంపతుల బీమా – యజమానుల సాకు

అమెరికా దేశమున వైద్యము మిక్కిలి వ్యయముతో గూడినది. అచట పనిచేయు వయస్సువారిలో పెక్కుమందికి, మన తెలుగు కుటుంబములకు సైతము, రోగము వచ్చిననాడు దిక్కు ఉద్యోగముతో వచ్చు బీమాయే. అట్టి బీమాకును వివాహమును సాకుగా జేసి యజమానులు కోత పెట్టుచున్నారు.

2010వ సంవత్సరపు చట్టము, 50 మందికి తక్కువ గాని సంస్థలు పూర్తికాలపు ఉద్యోగులకును, 26 ఏండ్లు వచ్చువరకు వారి సంతానమునకును బీమా చూపవలెనని, చూపనిచో అపరాధ రుసుము చెల్లింపవలసి వచ్చునని విధించినది. బిడ్డలను తలంచిన యా చట్టము భార్యను గాని భర్తను గాని తలంపలేదు. ఆ సందుననే యజమానులు దూరిరి. “నీ భార్యకు వేఱొకచోట ఉద్యోగమున్నది, బీమా అచటనే తీసికొనవలెను” అని కొందఱు త్రోసిపుచ్చుచున్నారు. కొందఱు చేర్చుకొనియు అదనపు రుసుము గుంజుచున్నారు. మఱికొందఱు, “నీవు భర్త బీమాలో నున్నావు గదా, మాది వదలుకొనుము” అని తమ ఉద్యోగినికి కొంత సొమ్ము చూపి యాస పెట్టుచున్నారు. ఒకరు రావద్దందురు; ఒకరు పొమ్మందురు!

రెండు బీమాలుండుట దుబారా యని వారి వాదము. ఉద్యోగి సొంత బీమా ముందుగా చెల్లించును. మిగిలినదానిలో దంపతి బీమా తన వంతు చెల్లించును. ఒక్క బిల్లునకు రెండుమారులు సొమ్ము రాదు. ఇక దుబారా యెక్కడ?

ఈ బీమా బిచ్చము కాదు. 1942లో ప్రభుత్వము జీతముల పెంపును కట్టడి చేసినపుడు, జీతమునకు బదులుగా వ్యాపించిన ప్రతిఫలమిది. ఇంట మఱొకరి సంపాదన యున్నదని కూలి తగ్గించు వానిని ఎవరు మెచ్చుదురు?

ఒకరి బీమాపై ఆనుకొన్నవారికి ఆ యుద్యోగము పోయిననాడు, విడాకులైననాడు నీడ తొలగును. తమ సంస్థ బీమాలో చేరుటకు 1996వ సంవత్సరపు చట్టము హామీ యిచ్చునది 30 దినముల గడువే. హెచ్–4 వీసాపై నుండి పని యనుమతి లేని మన స్త్రీలకు సొంత యుద్యోగపు బీమా యను మాటయే లేదు.

కావున మేము కోరునది స్పష్టము. చట్టమున సంతానముతోపాటు దంపతిని జేర్చవలెను. వివాహముపై వేయు అదనపు రుసుమును నిషేధింపవలెను. బీమా వదలుకొనుట ఉద్యోగి యిష్టము కావలెను గాని, యజమాని యొత్తిడి కారాదు. అచటి మనవారు సంవత్సరమున కొకమారు వచ్చు బీమా పత్రములను చదువకయే సంతకము చేయకుందురు గాక! పని చేసినవారు తమ హక్కును తమ పేరనే పొందవలెను. అది పెండ్లితో రాలేదు, పెండ్లితో పోరాదు.